చవక సీసా ఎడమ చెంపకు, ఖరీదైన సీసా కుడి చెంపకు: కొరియా, జపాన్ సామాన్లలో దేనికి డబ్బు పెట్టవచ్చు?

ప్రశ్న: సాగరతీరం (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. నా వయస్సు 36, ఛాయ చామనఛాయ. ముక్కూ నుదురూ మధ్యాహ్నానికల్లా జిడ్డు తేలతాయి, బుగ్గలు మాత్రం ఆఫీసు ఏసీలో రెండు గంటలు కూర్చునేసరికి బిగుసుకుపోతాయి. నాలుగేళ్ళుగా కొరియా వాళ్ళ తక్కువ ధర సామాన్లే వాడుతున్నాను. కాస్‌ఆర్‌ఎక్స్ వారి నత్త స్రావపు ఎసెన్స్, బ్యూటీ ఆఫ్ జోసన్ వారి బియ్యపు సన్‌స్క్రీన్ మా ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి. ఈ దసరాకు సింగపూర్ నుంచి వచ్చిన మా ఆడపడుచు ఒక ఖరీదైన కొరియా సీరం తెచ్చి చేతిలో పెట్టింది. దాని పేరు రాయను గాని, ఆ ధరతో మా ఇంటికి నెల కిరాణా వచ్చేస్తుంది.

అంత ధర ముఖం మీద ఎక్కడ కనబడుతుందో తేల్చుకుందామని ఆరు వారాల పాటు ఒక పరీక్ష పెట్టుకున్నాను. ఎడమ చెంపకు నత్త ఎసెన్స్, కుడి చెంపకు ఆ సీరం; ముఖం కడుక్కునేదీ, పైన రాసుకునే క్రీమూ, సన్‌స్క్రీనూ మాత్రం రెండు వైపులా ఒకటే. రాసుకునేటప్పుడు తేడా ఉన్న మాట నిజం. నత్త ఎసెన్స్‌ను వేళ్ళ మధ్య పట్టి విడదీస్తే విరిగి కాయ జిగురులా తీగలు సాగుతుంది, ఆరేదాకా దిండు గలేబు అంటుకుంటుంది. ఖరీదైనదేమో రెండు సార్లు తట్టగానే ఇంకిపోయి, మూలికల కొట్టు ముందు నిలబడినట్టు ఒక వాసన వదులుతుంది. తెల్లవారి అద్దంలో చూసుకుంటే మాత్రం నాకు రెండు చెంపలూ ఒకటిగానే కనిపించాయి. మా వారిని అడిగితే రెండూ నీవేగా అన్నారు. తొమ్మిదేళ్ళ మా పాప కళ్ళు మూసుకుని తడిమి, ఐదు రోజుల్లో మూడు రోజులు కుడిదే మెత్తగా ఉందని చెప్పింది. దీన్ని సాక్ష్యం అనాలో కాకతాళీయం అనాలో నాకు తెలియడం లేదు.

వచ్చే నెల మా మరిది ఆఫీసు పని మీద సోల్, టోక్యో వెళ్తూ, 25,000 రూపాయల లోపు ఏం కావాలో జాబితా ఇమ్మన్నాడు. ఏ రకం సామానులో ఖరీదైనది తీసుకుంటే ఆ డబ్బు కంటికి కనిపిస్తుంది, దేనిలో చవకది చాలు అన్నది నా ప్రశ్న. బుగ్గల మీది పాత మొటిమల మచ్చలకు తెల్లబరిచేవని పేరున్న జపాన్ సామాన్లు వాడవచ్చా, నాబోటి ఛాయకు కుషన్ ఫౌండేషన్ రంగు దొరుకుతుందా అన్నవి కూడా తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: ఒసాకా కోడలు

సాగరతీరం గారూ, పదకొండేళ్ళుగా ఒసాకాలో ఉంటున్నాను కాబట్టి జపాన్ సంగతి వరకు చెబుతాను, కొరియా సంగతి మిగతావారు చెబుతారు.

ముందు మీ మరిదిగారికి ఒక మాట చెప్పి పంపండి. ఇక్కడ సీసా మీద లోషన్ అని ఉంటే అది మనం చేతులకు రాసుకునే తెల్లటి లోషన్ కాదు, నీళ్ళలాంటి టోనర్. ఈ తికమకలో నేను వచ్చిన కొత్తలో మూడు సీసాలు కొని, ముఖానికి నీళ్ళు పూస్తున్నానేమిటని బెంగపడ్డాను. మందుల దుకాణాల్లో దొరికే హాదా లాబో గొకుజ్యున్ లోషన్ ఆ కోవలోదే. కంటి చుక్కల మందుకు పేరుపొందిన మా ఒసాకా కంపెనీ రోహ్తో దాన్ని తయారుచేస్తుంది, 170 మి.లీ. సీసా వెయ్యి యెన్లకు అటూ ఇటూగా వస్తుంది. అందులోని హయలురోనిక్ ఆమ్లం నీటిని పట్టి ఉంచుతుంది గనుక, ముఖం తడిగా ఉండగానే నాలుగు చుక్కలు వేసుకుని అరచేతులతో అదమాలి. అరచెయ్యి చెంపను ఒక్క క్షణం పట్టుకుని విడిచినట్టయితే సరిపోయిందని లెక్క. విశాఖ ఉక్కలో నుదుటికి అది ఎక్కువవుతుంది, మీరు బుగ్గలకు మాత్రమే వాడుకోండి.

దీనికి రెండో కొసన ఎస్‌కే-టూ వారి ఎసెన్స్ ఉంది. బియ్యాన్ని పులియబెట్టి చేసే సాకే అనే సారాయి తయారుచేసే చోట పనిచేసిన ముసలివాళ్ళ ముఖాలు ముడతలు పడినా చేతులు మాత్రం మెత్తగా ఉండడం చూసి ఆ పులిసిన ద్రవాన్ని పరిశోధించామని కంపెనీ చెప్పుకుంటుంది. 1980 నుంచి అమ్ముతున్న ఆ సీసాలో తొంభై శాతానికి పైగా ఒక రకం ఈస్ట్‌ను పులియబెట్టి వడకట్టిన నీరే ఉంటుంది. మూత తీయగానే తరవాణి కుండ గుర్తుకొస్తుంది. ఆ వాసన తరవాణి తాగి పెరిగిన నాకు హాయిగానే ఉంటుంది గాని, మా స్నేహితురాలు ఒకావిడ రెండు రోజుల్లో నాకు ఇచ్చేసింది. ఇలాంటి పులిసిన ద్రవాలు కొందరి చర్మానికి పడవు కనుక, పెద్ద సీసాకు ముందు చిన్నది కొనడమే తెలివి.

ఇక్కడి పెద్ద దుకాణాల్లో మీరు కొనేది సీసా ఒక్కటే కాదు. టోక్యోలోని గింజాలో 1872లో మందుల దుకాణంగా మొదలైన షిసెయిడో 1897లో యూడెర్మిన్ అనే ఎర్రటి ద్రవాన్ని అమ్మింది, అదే పేరుతో ఒక సీసా ఇప్పటికీ ఉంది. అటువంటి చరిత్ర ఉన్న కౌంటరు ముందు కూర్చుంటే, ఆ అమ్మాయి వంగి నమస్కరించి, మీ ముఖం సగం కడిగి, నాలుగు రకాలు పూసి చూపించి, నమూనా పొట్లాలు చేతికిచ్చి, ద్వారం దాకా సాగనంపుతుంది. ఇదే కంపెనీ పైతరగతి పేరు క్లే ద పో కింద అమ్మే లా క్రెమ్ చిన్న డబ్బా అరవై వేల యెన్లు దాటుతుంది. ఆ మర్యాద ధర కూడా అందులో ఉన్నదని తెలిసి కొంటే బాధ లేదు.

చవకా ఖరీదూ ఒకే గడప లోపల చూడాలంటే ఇసెహాన్ ఉంది. 1825లో కుసుమ పూల నుంచి పెదవులకు ఎర్ర రంగు తీసే అంగడిగా మొదలైన సంస్థ అది. బెని అనే ఆ రంగును పింగాణీ గిన్నె లోపలి గోడకు పూసి ఆరబెడితే, ఎర్రగా ఉండవలసింది జీరంగి రెక్కలా పచ్చగా మెరుస్తుంది; తడి కుంచె తగిలిన చోట మాత్రం నెత్తురులా ఎరుపెక్కుతుంది. నేను టోక్యోలో వాళ్ళ ప్రదర్శనశాలలో నిలబడి చూశాను, కళ్ళు తిప్పుకోలేకపోయాను. ఆ చిన్న గిన్నె ధర వేల యెన్లలో ఉంటుంది. అదే సంస్థ హీరోయిన్ మేక్ అనే మస్కారాను మందుల దుకాణంలో బడిపిల్లలు కొనుక్కునే ధరకు అమ్ముతోంది. మస్కారాలో నేను ఎన్ని ఖరీదైనవి వాడినా, వానలో చెదరకుండా ఉండే విషయంలో దాన్ని మించినది నాకు దొరకలేదు.

సన్‌స్క్రీన్‌కు మాత్రం ఎక్కువ డబ్బు పెట్టవద్దని గట్టిగా చెబుతాను. కారణం లెక్కలోనే ఉంది. ఎండకు కమలకుండా ఎంత కాపాడుతుందో చెప్పే సీసా మీది ఎస్‌పీఎఫ్ అంకెను ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూసి కొలుస్తారు. ఆ మందంలో ముఖానికీ మెడకూ రాస్తే రోజుకు గ్రామున్నర దాకా పడుతుంది, అంటే 50 గ్రాముల గొట్టం నెలకు కాస్త పైగా వస్తుంది. ఖరీదైనది కొన్నవారు దాన్ని ఆరు నెలలు దాచుకుని రాసుకుంటారు, అప్పుడు ఎస్‌పీఎఫ్ 50 అన్న అంకె చీటీ మీదే మిగిలిపోతుంది. కావో కంపెనీ బియోరే ఆక్వా రిచ్ వంటివి ధారాళంగా రాసుకునే ధరలోనే ఉన్నాయి. పీఏ పక్కన ప్లస్ గుర్తులు ఎన్ని ఉన్నాయో కూడా చూడమనండి. మచ్చలను ముదరబెట్టే యూవీఏ కిరణాలను ఎంత ఆపుతుందో చెప్పే ఈ కొలత 1996లో జపాన్‌లోనే పుట్టింది, నాలుగో ప్లస్ 2013లో చేరింది. మీ మచ్చలకు నాలుగు ప్లస్‌లు ఉన్నదే కావాలి. అమెరికాలో ఉన్న మనవాళ్ళు కూడా చదువుతుంటారు కాబట్టి ఒక మాట కలుపుతున్నాను: అక్కడి దుకాణాల్లో ఇదే పేరుతో దొరికే గొట్టంలో కిరణాలను ఆపే పదార్థాలు వేరుగా ఉంటాయి, ఎందుకంటే ఆసియాలో వాడే కొత్త పదార్థాలు చాలావాటిని అమెరికా ఏళ్ళ తరబడి అనుమతించలేదు.

జవాబు: గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

అమ్మాయీ, నేను ఉద్యోగం విరమించిన అధ్యాపకురాలిని, నాకు 61. అందరూ చవకదే చాలునని చెప్పబోతున్నట్టు కనిపిస్తోంది గనుక రెండో పక్షాన ఒక గొంతు ఉండాలని రాస్తున్నాను. ఒంటికి కప్పుకోవడానికి మామూలు నేత చీర సరిపోతుంది కదా అని ఉప్పాడ జామ్దానీ కొనేవారిని ఎవరూ నిలదీయరు. నేను మూడేళ్ళుగా సుల్వాసూ వారి జిన్సెంగ్ అనే మూలిక వేరు కలిపిన క్రీము రాత్రిపూట రాసుకుంటున్నాను. ముడతలు పోయాయని చెప్పను, పోలేదు. ఆ కుదురైన గాజు డబ్బా మూత తిప్పి, చిన్న గరిటెతో బఠాణీ గింజంత తీసి, అరచేతుల్లో వెచ్చబరచి మెడ దాకా అద్దుకునే ఐదు నిమిషాలు నావి.

దాని వెనుక కథ కూడా నాకు నచ్చుతుంది. 1930ల్లో కొరియాలోని కేసాంగ్ ఊళ్ళో ఒక తల్లి కమేలియా గింజల నూనె తీసి తలకు రాసుకోవడానికి అమ్మేది. కొడుకు 1945లో పెట్టిన సంస్థే నేటి అమోరె పసిఫిక్, 1966లో వాళ్ళు జిన్సెంగ్‌తో క్రీము చేశారు, 1997లో సుల్వాసూ పేరు పెట్టారు. మన ఇళ్ళలో ఆముదమూ నువ్వుల నూనే ఆడించిన అమ్మమ్మలలో ఎవరి గానుగా అంత దూరం పోలేదని ఒకింత అసూయ.

ఇంకో ముచ్చట. కొరియా వాళ్ళు సికా అని పచ్చటి డబ్బాల్లో అమ్మేది మన పెరట్లోని సరస్వతి ఆకు. చిరాకుపడ్డ చర్మానికి మంచిదని వాళ్ళు సీసాల్లో నింపే మగ్‌వర్ట్ వినాయక చవితి పత్రిలో మొట్టమొదట వేసే మాచిపత్రి జాతిది. అలాగని చవితి నాటి పత్రి నూరి ముఖానికి పూసుకోకండి, ఒకప్పుడు ఆ ప్రయోగం చేసి నేను రెండు రోజులు కాలేజీకి సెలవు పెట్టాను.

జవాబు: కొలతగిన్నె (హైదరాబాద్)

సాగరతీరం గారూ, మీ చెంపల పరీక్ష నాకు చాలా నచ్చింది. చర్మానికి రాసే మందులూ క్రీములూ తయారుచేసే విభాగంలో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నవాణ్ణి. మేము కూడా ఇలాగే సగం ముఖానికి ఒకటి, సగానికి ఒకటి రాయించి చూస్తాం. కాకపోతే ఏ చెంపకు ఏది రాశారో రాసుకున్నవారికీ చూసేవారికీ తెలియనివ్వం. మీకు తెలిసింది, మీ పాపకు వాసన తగిలి ఉంటుంది. ఐదింట మూడు అంటే బొమ్మా బొరుసూ వేసినా వచ్చే ఫలితమే.

మీకు తేడా కనబడకపోవడానికి కొరియా చట్టంలోనే ఒక కారణం దొరుకుతుంది. అక్కడ ఛాయను మెరుగుపరుస్తుంది, ముడతలు తగ్గిస్తుంది, ఎండను ఆపుతుంది అని చెప్పుకునే సామాన్లకు ప్రత్యేక తరగతి ఉంది. ఏ పదార్థం ఎంత వేస్తే ఆ మాట చెప్పుకోవచ్చో ప్రభుత్వం జాబితా ఇచ్చింది. అందులో ఛాయ కోసం నియాసినమైడ్ 2 నుంచి 5 శాతం, ముడతల కోసం అడినోసిన్ 0.04 శాతం అని ఉంటుంది. ఈ రెండూ తయారీదారుకు ఏమంత భారం కాని పదార్థాలు. అందుకే వెయ్యి రూపాయల సీసా మీదా పదిహేను వేల రూపాయల సీసా మీదా ఆ రెండు మాటలూ ఒకేలా అచ్చవుతాయి. మీ ఆడపడుచు తెచ్చిన సీసాను తిప్పి చూడండి, ఈ రెండు పేర్లూ కనిపించే అవకాశమే ఎక్కువ. పైగా అక్కడి పేర్లలో చాలావాటికి సొంత కర్మాగారం ఉండదు. కాస్మాక్స్, కోల్మార్ కొరియా వంటి పెద్ద తయారీ సంస్థలు పదుల కొద్దీ పేర్లకు ఒకే ఆవరణలో సరుకు చేసి ఇస్తాయి.

తక్కువ ధర సామాన్ల గిరాకీ కూడా అక్కడ అనుకోకుండా వచ్చినది కాదు. మిషా అనే సంస్థ 2002లో సోల్‌లో మొదటి దుకాణం తెరిచినప్పుడు 3,300 వొన్లకే సామాన్లు పెట్టింది. పెట్టెలకూ ప్రకటనలకూ పోసే డబ్బు తగ్గిస్తే లోపలి సరుకు అంతే మంచిగా ఇవ్వవచ్చన్నది వాళ్ళ వాదన. 2011లో ఈస్ట్ ఎసెన్స్ ఒకటి తెచ్చి, ఒసాకా కోడలు గారు చెప్పిన ఆ ప్రసిద్ధ ఎసెన్స్‌తోనే పోల్చి చూసుకోమని బాహాటంగా సవాలు విసిరింది.

శాతాల మాయ కూడా తెలుసుకోవాలి. 96 శాతం నత్త స్రావం, 30 శాతం బియ్యపు సారం అని చీటీ మీద ఉన్నప్పుడు ఆ 96 భాగాలూ చిక్కటి సరుకు అని అర్థం కాదు. వడకట్టిన ద్రవంలో అత్యధిక భాగం నీరే. ఒక శాతం కంటే ఎక్కువ ఉన్నవాటిని ఎక్కువ నుంచి తక్కువకు వరుసలో రాయాలి, ఒక శాతం లోపున్నవాటిని ఎలాగైనా రాసుకోవచ్చు. జిన్సెంగ్, ముత్యాల పొడి, బంగారం వంటి మెరిసే పేర్లు సాధారణంగా ఈ చివరి గుంపులోనే ఉంటాయి. జపాన్‌లో ఔషధ గుణం ఉన్నవని వేరే తరగతి కింద అమ్మే సీసాలకు ఈ వరుస నియమం కూడా వర్తించదు.

అలాగని ఖరీదంతా మోసం అనను, అలా అంటే నా వృత్తికే ద్రోహం. ఇంకిపోయే తీరు, జిగట లేకపోవడం, వేసవిలో కారు డాష్‌బోర్డు మీద మరిచిపోయినా విడిపోకపోవడం, ఇవన్నీ కష్టపడి సాధించవలసినవి. కోసే సంస్థ డెకోర్తే పేరుతో 1992లో లైపోసోమ్ సీరం తెచ్చింది. కొవ్వు పొరల బుడగల్లో పదార్థాన్ని చుట్టి పంపే పద్ధతి అది, అటువంటి పనికి ఏళ్ళు పడుతుంది. విటమిన్ సీ, రెటినాల్ వంటి గాలికీ వెలుతురుకూ చెడిపోయే పదార్థాలున్నప్పుడు గాలి చొరబడని పంపు సీసాకు పెట్టే డబ్బు వృథా కాదు. హయలురోనిక్ టోనరుకూ, ముఖం కడుక్కునే నురుగుకూ మాత్రం అంత పెట్టడం నా చేతులతో నేను చేయను.

తెల్లబరిచేవాటి గురించి. జపాన్‌లో ఆ మాటకు చట్టం ఒప్పుకునే అర్థం ఇంతే: చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని అణచి మచ్చలు రాకుండా చూడడం. పుట్టు ఛాయను మార్చడం దాని పని కాదు. ట్రానెక్సామిక్ ఆమ్లం, అర్బ్యుటిన్, విటమిన్ సీ ఉత్పన్నాలు ఏళ్ళుగా వాడుకలో ఉన్నవి కాబట్టి, ఎండ నుంచి కాపాడుకుంటూ మూడు నెలలు వాడి చూడండి. కొత్తగా వచ్చిన అద్భుత పదార్థం జోలికి మాత్రం తొందరపడి వెళ్ళవద్దు. 2013 జూలైలో కనెబో సంస్థ రోడోడెండ్రాల్ అనే సొంత పదార్థం కలిపిన సామాన్లను వెనక్కు తీసుకోవలసి వచ్చింది. రాసుకున్నవారిలో వేల మందికి ముఖం మీదా మెడ మీదా తెల్లటి పొడలు వచ్చాయి. అనుమతి పొందిన, పేరున్న సరుకే అది. ఇక పేరూ ఊరూ లేని తెలుపు క్రీముల మాట చెప్పనే అక్కర్లేదు. 2023లో కేరళలోని మలప్పురం ప్రాంతంలో మూత్రపిండాలు దెబ్బతిన్నవారి విషయంలో వైద్యులు ఆరా తీస్తే పాదరసం ఉన్న అటువంటి క్రీములే బయటపడ్డాయి.

మన దేశంలోనే కొంటే డబ్బాను తిప్పి, దిగుమతిదారు పేరు, చిరునామా, దిగుమతి నమోదు సంఖ్య ఉన్నాయో లేదో చూడండి. చట్టం ప్రకారం అవి ఉండాలి. రెండేళ్ళ కిందట నేనే ఒక ఆన్‌లైన్ అంగడిలో సగం ధరకు నత్త ఎసెన్స్ కొన్నాను. వచ్చిన సీసాలో ద్రవం వేళ్ళ మధ్య పట్టి లాగితే తీగ సాగలేదు, కలబంద గుజ్జులా తెగిపోయింది. దాన్ని ముఖానికి రాసుకోకుండా ప్రయోగశాలలో కొత్తగా చేరినవాళ్ళకు చూపించడానికి దాచాను.

జవాబు: పందిరి మేకప్ (విజయవాడ)

అక్కా, పన్నెండేళ్ళుగా పెళ్ళికూతుళ్ళకు మేకప్ వేస్తున్నాను, కుషన్ విషయం నాకు వదిలేయండి.

కుషన్ అంటే తడి ఫౌండేషన్ పీల్చిన స్పాంజి ఉన్న డబ్బా. కొరియాలో వాహనాలకు వేసే పార్కింగ్ ముద్ర సిరా కారకుండా సమంగా అంటడం చూసి ఆ ఆలోచన వచ్చిందని చెబుతారు, ఐయోప్ పేరుతో 2008లో మొదట అమ్మకానికి వచ్చింది. చిక్కల్లా రంగు దగ్గరే. వాళ్ళ లెక్కలో 21 అంటే తెల్లని ఛాయ, 23 అంటే మధ్యస్థం, చాలా కంపెనీలు ఆ తర్వాత ఒకటో రెండో రంగులు చేసి ఆపేస్తాయి. వాళ్ళ మధ్యస్థం మన చామనఛాయ మీద వేస్తే బియ్యప్పిండి అద్దినట్టు ఉంటుంది, ఫ్లాష్ పడితే ముఖం ఒకటి, మెడ ఒకటి. మచిలీపట్నంలో తెల్లవారుజాము ముహూర్తానికి ఒక పెళ్ళికూతురు తన అన్నయ్య సోల్ నుంచి తెచ్చిన కుషనే వేయాలని పట్టుబట్టింది. రాత్రి రెండు గంటలకు గది బల్బు కింద బాగానే ఉంది. నాలుగున్నరకు హోమం పొగలో చెమట పట్టి, జీలకర్ర బెల్లం పెట్టే వేళకు చెవుల దగ్గర బూడిద గీత తేలింది. వాళ్ళ పిన్ని వచ్చి నావైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. అమెరికాలో ఒక నల్లజాతి యువతి వీడియోలో తన ఛాయకు రంగు లేదని చూపించిన తర్వాత, టిర్‌టిర్ సంస్థ 2024లో ఎర్ర డబ్బా కుషన్ రంగులను 30కి పెంచింది. కాబట్టి మీ ఛాయకు దొరకవచ్చు. కానీ మీ మరిది చేత మాత్రం ఫౌండేషన్ తెప్పించుకోకండి. మగవాళ్ళు దుకాణంలో నిలబడి వాట్సాప్‌లో ఫొటో పంపితే, ఆ ఫొటోలో రంగు ఆ దుకాణం లైటుది. మీరే పగటి వెలుతురులో దవడ అంచున మూడు గీతలు గీసుకుని, అరగంట ఆగి, ఏది కనబడకుండా కలిసిపోయిందో అది తీసుకోవాలి. మన ఛాయల్లో పసిమి పాలు ఎక్కువ కనుక గులాబీ వైపు మొగ్గే రంగులు వద్దు.

ఖరీదు కంటికి కనిపించేది నా అనుభవంలో పౌడరులోనూ, కంటి పైన వేసే రంగులోనూ. జపాన్ పై తరగతి పౌడరును బ్రష్ మీద వేసి ఊదితే పొగలా లేస్తుంది, చర్మం మీద పొడి కూర్చున్నట్టు ఉండదు. కెమెరా దగ్గరకు తెచ్చినా గీతల్లో పేరుకోదు. చవకలో కావాలంటే జపాన్ కంటే థాయిలాండ్ వైపు చూడండి. 1948 నుంచి ఉన్న శ్రీచంద్ పౌడరు బ్యాంకాక్ ఉక్క కోసం చేసినది, విశాఖ ఉక్కకూ విజయవాడ ఉక్కకూ అదే సరి. హీరోయిన్ మేక్ గురించి ఒసాకా అక్క చెప్పింది నిజం, అప్పగింతల ఏడుపును కూడా అది తట్టుకుంటుంది. కాకపోతే దాన్ని నీళ్ళతో రుద్ది తీయాలని చూస్తే రెప్ప వెంట్రుకలు ఊడి చేతికొస్తాయి. క్లెన్సింగ్ ఆయిల్ అద్ది, అర నిమిషం ఆగి, తడి చేత్తో తాకగానే నూనె పాలలా తెల్లబడి నల్లదనాన్ని పట్టుకుని దిగుతుంది. కొబ్బరి నూనెతో ఈ పని సగమే అవుతుంది, ఎందుకంటే అది నీటితో కలవదు, మళ్ళీ సబ్బు కావాలి.

ధర చూసేటప్పుడు గ్రాము లెక్క వేయండి. 2023 సెప్టెంబరులో చైనాలో లీ జియాచీ అనే పేరున్న అమ్మకందారు ప్రత్యక్ష ప్రసారంలో ఫ్లొరాసిస్ వారి 79 యువాన్ల కనుబొమల పెన్సిల్‌ను ఖరీదన్నవారిని, మీరు కష్టపడి పనిచేస్తున్నారా అని ఎదురు ప్రశ్నించి చిక్కుల్లో పడ్డాడు. ఆ పుల్లలో ఎన్ని మిల్లీగ్రాములున్నాయో లెక్కగట్టి, గ్రాము చొప్పున బంగారం కంటే ప్రియమని జనం తేల్చారు. చివరికి ఆయన కన్నీళ్ళతో క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. కనుబొమల పెన్సిల్‌కు నేను కాన్మేక్, సెజాన్ వంటి జపాన్ చవక పేర్లనే వాడతాను, నా బీరువాలో ఖరీదైన కనుబొమల పెన్సిల్ ఒక్కటీ లేదు.

ప్రశ్న అడిగినవారి మాట: సాగరతీరం (విశాఖపట్నం)

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. కొలతగిన్నె గారు చెప్పినట్టే సీసా తిప్పి చూశాను. నియాసినమైడ్ ఐదో పేరు, అడినోసిన్ చివర్లో, జిన్సెంగ్ వేరు దానికీ కింద ఉన్నాయి. మా ఆడపడుచుకు ఈ సంగతి చెప్పదలచుకోలేదు.

మరిదికి ఇచ్చిన జాబితా ఇది: గొకుజ్యున్ లోషన్ రెండు, నాలుగు ప్లస్‌ల సన్‌స్క్రీన్ గొట్టాలు నాలుగు, హీరోయిన్ మేక్ ఒకటి, క్లెన్సింగ్ ఆయిల్ ఒకటి, మచ్చలకు ట్రానెక్సామిక్ ఆమ్లం ఉన్న సీసా ఒకటి. ఇవన్నీ మందుల దుకాణంలోనే దొరికేవి గనుక 25,000లో సగం కూడా అవదని లెక్క తేలింది, మిగిలినదంతా పెద్ద దుకాణంలో కొనే ఒక్క పౌడరు డబ్బాకు పెట్టాను. రంగు అడిగితే పారదర్శకమైనది అని చెప్పమని మూడుసార్లు వల్లె వేయించాను. కుషన్ సంగతి సంక్రాంతికి విజయవాడ వచ్చినప్పుడు పందిరి మేకప్ గారి దగ్గర కూర్చుని తేల్చుకుంటాను. ఇంకో చిక్కు ఏమిటంటే, నేను సీసాలోని నత్త స్రావం గురించి ఫోనులో మాట్లాడుతుండగా మా అత్తగారు విన్నారు. పసుపు కుంకుమలు పెట్టే అర నుంచి ఆ సీసా ఆ పూటే స్నానాల గదికి మారిపోయింది.

పరీక్ష ఆపేసి వారం రోజులుగా రెండు చెంపలకూ నత్త ఎసెన్సే రాసుకుంటున్నాను. నిన్న రాత్రి మా పాపను మళ్ళీ కళ్ళు మూసుకుని చూడమంటే, ఇప్పటికీ కుడిదే మెత్తగా ఉందంటోంది.